అడిస్ అబాబాలో మా ఎమామను వెతికిపెట్టిన ముగ్గురికి

మొన్న సంక్రాంతి సెలవుల్లో నేను, మా అమ్మాయి ఇథియోపియా వెళ్లొచ్చాం. అక్కడ మాకు సాయం చేసిన ముగ్గురికీ తెలుగు రాదు. మావారి పాత స్టూడెంట్ ఒకతను ఈ మాటలన్నీ వాళ్లకు అమ్హారిక్‌లో చెబుతానన్నాడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

2009 నుంచి 2012 దాకా మావారు అక్కడ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. అప్పట్లో మనవైపు నుంచి చాలామంది లెక్చరర్లు వెళ్లారు, ఇది చదివేవాళ్లలోనూ ఉండే ఉంటారు. మేం అడిస్ అబాబాలోని పాత పేట పియాసాలో ఉండేవాళ్లం. 2011లో పాప పుట్టినప్పుడు అమ్మ రాలేకపోయింది. పక్కింటి పెద్దావిడే నన్ను బాలింతగా చూసుకుంది. 'ఎమామ' అనేదాన్ని, అక్కడ పెద్దావిడలను అలాగే పిలుస్తారు. పొద్దున్నే వేడివేడిగా గెన్ఫో తెచ్చేది. చూడటానికి మన సంగటి ముద్దే. మధ్యలో గుంట చేసి, మసాలా వేసి కాచిన వెన్న, బెర్బెరె కారం పోస్తారు. అంచు నుంచి కొద్దికొద్దిగా తుంచి అందులో ముంచి తినాలి. నేను మొత్తం తినేదాకా లేచేది కాదు.

ఆమెకు పాపను చూపించాలనే ఈ ప్రయాణం.

గుర్రమెక్కిన మెనెలిక్ చక్రవర్తి విగ్రహం, సెయింట్ జార్జ్ చర్చి ఉన్నచోటే ఉన్నాయి. వాటి గుర్తుతో మా సందుకు వెళ్తే, అసలు సందే లేదు. 2024లో పియాసాలో పాత ఇళ్లు చాలావరకు తీసేశారు. ఇప్పుడు వెడల్పాటి రోడ్లు, ఫుట్‌పాత్‌లు, వరసగా లైట్లు. 1896లో ఇటలీ సైన్యాన్ని ఓడించిన అద్వా యుద్ధానికి గుర్తుగా పెద్ద మ్యూజియం కూడా కట్టారు. ఊరు అందంగా ఉంది, కాదనను. కానీ ఆ ఇళ్లలో ఉన్నవాళ్లంతా ఏమయ్యారని అక్కడే నిలబడి ఏడ్చేశాను.

బొగ్గుల మీద జెబెనా, అంటే మట్టి కాఫీ కూజా పెట్టుకుని కాఫీ అమ్ముతున్న అమ్మాయి నన్ను చూసి స్టూలు జరిపి కూర్చోమంది. "అయ్‌జోష్" అంది. మనం ఏడ్చేవాళ్ల భుజం మీద చెయ్యేసి 'ఏం కాదులే, ధైర్యంగా ఉండు' అంటామే, అదే. ఎమామ ఒళ్లో పాప ఉన్న పాత ఫోటో చూపించాను. ఆ అమ్మాయి గిన్నెలో వేగుతున్న గింజలు దించేసి, ఫోటో పట్టుకుని అటూఇటూ అడుగుతూ పరిగెత్తింది. బేరం పోతుందని కూడా చూసుకోలేదు. కాఫీకి ఒక్క బిర్ తీసుకోలేదు.

పార్కింగ్ దగ్గరున్న పెద్దాయన ఫోటో గుర్తుపట్టారు. వాళ్లను ఊరి చివర కండోమినియంలకు, అంటే అపార్ట్‌మెంట్లకు మార్చారన్నారు. అరగంటసేపు ఎవరెవరికో ఫోన్లు చేసి, ఏ బ్లాకో కనుక్కునే దాకా ఊరుకోలేదు.

మూడో మనిషి ట్యాక్సీ డ్రైవర్. అక్కడ బ్లాకులన్నీ ఒకేలా ఉన్నాయి. అతను మీటర్ ఆపేసి, మమ్మల్ని కార్లోనే ఉండమని, తనే ఒక్కో బ్లాకు మెట్లెక్కి తలుపులు తట్టాడు. నాలుగో బ్లాకు నుంచి ఎమామ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దించుకొచ్చాడు.

ఎమామ పాప బుగ్గలు అటూఇటూ ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుందో! కొత్తింట్లో నీళ్లు, కరెంటు బాగానే ఉన్నాయట, పాత ఇరుగుపొరుగే లేరట. ఆ మాట చెబుతూనే గింజలు వేయించింది. అబోల్, తోనా, బెరెకా అని కాఫీ మూడు విడతలూ తాగించాకే కదలనిచ్చింది. మర్నాడు రమ్మని పాపకు గెన్ఫో వండిపెట్టింది. అప్పట్లాగే, ముద్ద అయిపోయేదాకా ఎదురుగా కూర్చుంది.

మీ ముగ్గురికీ అమెసెగినాలెహు, అంటే ధన్యవాదాలు. నా బిడ్డను ఆమె ఒళ్లోకి చేర్చారు, చచ్చేదాకా మర్చిపోను.

ఆ రోజు దిగిన ఫోటోలు నాలుగు ప్రింట్లు వేయించాను, ముగ్గురికి మూడు, ఎమామకు ఒకటి. త్వరలో అడిస్ వెళ్లేవాళ్లుంటే దయచేసి చెప్పండి. చిన్న కవరే, బరువేమీ ఉండదు.