వార్షిక నివేదిక 2024–25: సూది పట్టని వాళ్లు చేసిన కానుకలు

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో వచ్చిన గొడవ గుర్తుండే ఉంటుంది. మన మండలిలో గుడ్డసంచులు, చేతిరుమాళ్లు, దిండు గలీబులు తయారవుతున్నా పనంతా కుట్టుమిషన్ ఉన్న నలుగురైదుగురి మీదే పడుతోందని, మిగతావాళ్లం టీలు అందించడానికే వస్తున్నామని ఒకావిడ గట్టిగానే అన్నారు. మాట కటువుగా ఉన్నా అబద్ధం కాదు. అందుకే ఈ ఏడాది కుట్టేవాళ్ల పని కుట్టేవాళ్లకే వదిలేసి, తయారైన వాటి మీద పేర్లు వేసే పనిని మిగతావాళ్లం పంచుకున్నాం. సూది, దారం ముట్టకూడదన్నది షరతు.

మొదట రబ్బరు ముద్రల పెట్టె తెద్దామనుకున్నాం. ఇంగ్లీషులో అయితే 26 ముద్రలుంటే ఎవరి పేరైనా వచ్చేస్తుంది. మనకు గుణింతాలు, కింద వత్తులు. ‘లక్ష్మి’ అన్న ఒక్క పేరుకే ఏమేం చెక్కించాలో లెక్కేసుకుని ఆ ఆలోచన మానుకున్నాం. చివరికి పేరులోని మొదటి అక్షరం చెక్క అచ్చుతో, పూర్తి పేరు కావాలంటే స్టెన్సిల్‌తో, అంటే అక్షరాల ఆకారం కత్తిరించిన షీటు మీద రంగు అద్ది, వేయాలని తేల్చుకున్నాం.

అచ్చుల కోసం మచిలీపట్నం పక్కనున్న పెడన వెళ్లాం. శ్రీకాళహస్తిలో కలంకారీని కలంతో గీస్తే, పెడనలో టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. అచ్చు మీద అక్షరం తిరగేసి ఉండాలని మాకు తెలుసు. తెలుసు కాబట్టే కాగితం మీద ముందే తిరగేసి రాసిచ్చాం. చెక్కే ఆయన తన అలవాటు ప్రకారం దాన్ని మళ్లీ తిరగేశారు. ఇంటికొచ్చి గుడ్డ మీద అద్దితే ‘స’ అటువైపు తిరిగి కూర్చుంది. ఆయన తప్పేమీ లేదు, మన అతితెలివే. రెండోసారి మామూలుగా రాసిచ్చాం, సరిగ్గా వచ్చింది.

ఈ రెండూ కాక ఇస్త్రీతో అక్షరాలు అంటించే పని కూడా చేశాం. అందులోనూ ఇదే తంటా. పాత చీర అంచుల్లోంచి అక్షరాలు కత్తిరించి సంచులకు అంటించాం. ఇస్త్రీ వేడికి రెండువైపులా అంటుకునే సన్నని వలలాంటి షీటు దొరుకుతుంది. దాన్ని ముందు చీర ముక్క వెనక అంటించి, ఆ తర్వాతే అక్షరం కత్తిరించాలి. అప్పుడు అంచు పోగులు లేవవు. అయితే గీత గీసేది వెనకవైపు కాబట్టి అక్షరాన్ని తిరగేసే గీయాలి. ఖర్చుల పట్టికలో ‘చేతి అద్దం’ అని కనిపిస్తే ఎవరూ అనుమానపడొద్దు. గీసిన ప్రతి అక్షరాన్నీ అందులో చూశాకే కత్తెర పట్టాం. అన్నట్టు, పాలిస్టర్ చీరకు ఇస్త్రీ వేడి ఎక్కువైతే గుడ్డే కరిగిపోతుంది. ఒక మంచి అంచు అలాగే పోయింది.

స్టెన్సిల్‌లో తిరగేసే బెడద లేదు గానీ సున్నతో చిక్కొచ్చింది. ‘రంగనాథ్’ అని కత్తిరిస్తే సున్న మధ్యలో ఉండాల్సిన ముక్క ఊడి కిందపడింది. ‘ర’ గతీ అంతే. చుట్టూ మూసుకున్న అక్షరాలకు రెండుచోట్ల సన్నని కాడ వదిలి కత్తిరించాలి, ఆ ఖాళీని తర్వాత బ్రష్‌తో పూడ్చాలి. రంగు పల్చన చేస్తే అంచుల కిందికి పారుతుంది. చిక్కగా ఉంచి స్పాంజి ముక్కతో తట్టాలి. కొత్త గుడ్డకు గంజి పోయేదాకా ఉతకడం, సంచి లోపల అట్ట పెట్టడం మరిచిపోవద్దు.

ఇక మన పొరపాటు. ఒక గృహప్రవేశానికి తాంబూలం సంచులు అడిగితే, తొందర పెట్టారని రంగు వేసిన మర్నాడే ఇచ్చేశాం. తీసుకున్నవాళ్లు ఉతికేసరికి పేర్లు చెదిరిపోయాయి. ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పి వేరే సంచులు చేసిచ్చాం. అప్పటినుంచి ఒక రోజంతా ఆరనిచ్చి, పైన పలచని నూలుగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, మూడు రోజులు నీళ్లు తగలకుండా చూశాకే ఇస్తున్నాం. టెన్షన్ పడి అడిగినా సరే, ఇవ్వడం లేదు.

పేరు ఎలా రాయాలో కూడా ఇప్పుడు ఇంటివాళ్ల చేతే రాయించుకుంటున్నాం. మనం విన్నట్టు రాస్తే ‘సాయిశ్రీ’ అనాలో ‘సాయి శ్రీ’ అనాలో తెలియక రెండుసార్లు మాట పడ్డాం.

బారసాల కానుకల మీద కుందన్లు, పూసలు జిగురుతో అంటించమని కొందరు అడిగారు. అవి ఊడితే పిల్లలు నోట్లో పెట్టుకుంటారని ఒప్పుకోలేదు. ఈ నిర్ణయం మీద కార్యవర్గంలో వాదన జరిగింది, నా అభిప్రాయం మాత్రం మారలేదు.

వానలు మొదలయ్యాక పిల్లలతో లేత టేకాకుల పని చేయించాం. పటిక నీళ్లలో నానబెట్టి ఆరేసిన రుమాలు మీద ఆకు పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి చెక్కసుత్తితో కొడితే ఈనెలతో సహా ఎర్రగా దిగుతుంది. సబ్బుతో రంగు మారుతుంది కాబట్టి అమ్మకానికి పెట్టలేదు, అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఇచ్చుకున్నారు.

జమాఖర్చుల కాగితం విడిగా పంచుతున్నాం. వచ్చిన డబ్బులో కూలి అంటూ ఎవరూ తీసుకోలేదు. కుట్టినవాళ్లకు ఈసారి ఇవ్వాల్సిందేనని నా ప్రతిపాదన, సమావేశంలో తేల్చండి.

శ్రావణమాసానికి రవికె గుడ్డలు పెట్టే కవర్లకు ఇప్పటికే అడుగుతున్నారు. స్టెన్సిల్ షీట్లు ఇళ్లకు తీసుకెళ్లినవాళ్లు దయచేసి ఆలోపు తెచ్చివ్వండి. ముఖ్యంగా ‘శ్రీ’ షీటు ఎవరి దగ్గరుందో తెలియడం లేదు.

– కార్యదర్శి