చిన్నోడికి, మునక్కాయ పులుసు గురించి

నాయనా చిన్నా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఆ మునక్కాయలు బాగా ముదిరినవి, గింజలు పైకి ఉబ్బి కనిపిస్తున్నాయి కదా, అట్లాంటివి ఎంతసేపు ఉడికించినా పీచే మిగులుతుంది, నీ వంటలో తప్పేం లేదు. ఈసారి కొనేటప్పుడు రెండు చివర్లూ పట్టుకొని మెల్లగా వంచి చూడు, పచ్చగా ఉండి వంగేది తీసుకో. మరీ చిటికెన వేలంత సన్నగా ఉంటే లోపల గుజ్జే ఉండదు. పొడవు చూసి మాత్రం మోసపోవద్దు, ఇప్పుడు చాలాచోట్ల వేసేది తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 రకం, కోతకొచ్చేసరికే రెండడుగులు దాటుతుంది. మన పెరట్లో అవ్వ కొమ్మ పాతి పెంచిన చెట్టు కాయ పొట్టిది గానీ, రుచిలో దానికి సాటి లేదని నా నమ్మకం.

తొక్కంతా చెక్కెయ్యొద్దు. వేలెడు ముక్కలు కోస్తుంటే కత్తికి నార తగులుకొని వస్తుంది చూడు, అది లాగేస్తే చాలు, మొత్తం చెక్కితే పులుసులో ముక్క విడిపోయి గింజలొక చోట, పీచొక చోట తేలతాయి.

ఇంక ముఖ్యమైనది చింతపండు సంగతి. పులుపు ముందే పడితే కాయ తొందరగా మెత్తబడదు. అందుకని తిరగవాతలో ఆవాలు, కాసిని మెంతులు, వట్టిమిరపకాయలు, తెల్లగడ్డ, కరేపాకు వేసి, ఎర్రగడ్డలు మగ్గాక ముక్కలు వేసి, ఉప్పు, పసుపు, మునిగేంత నీళ్ళు పోసి మూతపెట్టి పది నిమిషాలు ఉడకనియ్. ఒక ముక్క తీసి నొక్కితే గుజ్జు జారి రావాలి, అప్పుడే టమాటా, చింతపండు రసం, కారం, ధనియాల పొడి. ఆ ఉడికిన నీళ్ళు పారబొయ్యొద్దు నాయనా, కాయ రుచంతా అందులోనే ఉంటుంది. చివర్లో వేయించిన చెనక్కాయ గింజల పొడి రెండు స్పూన్లు, చిటికెడు బెల్లం వేస్తే పులుసు చిక్కబడి పైన నూనె తేలుతుంది, అప్పుడు దించెయ్.

గరం మసాలా వెయ్యాలని చూడకు. మునక్కాయకు దాని వాసన దానికుంది, లవంగం, చెక్క పడితే అది పోతుంది. మటన్‌లో వేసినప్పుడు వేరే లెక్కలే. పుణేలో శేవగా అని అడిగితే ఇస్తారు, వాళ్ళు ఆమ్టీలో, అంటే మన పప్పుచారు లాంటి దాంట్లో వేస్తారు, పక్కింటామెను అడిగి అదీ నేర్చుకో. బెంగాల్ వాళ్ళు ఆవముద్దతో చేస్తారు, కేరళ వాళ్ళు కూరగాయలన్నీ కలిపి కొబ్బరితో చేసే అవియల్‌లో ఇది లేకుండా ఉండదు.

పప్పుచారుకైతే కందిపప్పుతో పాటు కుక్కర్‌లో వెయ్యొద్దు, విడిగా ఉడికించి కలుపు. కాయలు మిగిలితే ముక్కలు కోసి, తడి లేకుండా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు, నాలుగు రోజులు బాగుంటాయి.

మునగచెట్టు ఎక్కిస్తున్నాననుకోవద్దు, నీ చేతికి ఉప్పూ కారం బాగా కుదురుతాయి, ఓపిగ్గా చేస్తే మీ నాయన కూడా వంక పెట్టలేడు. పులుసు పొద్దున చేసి రాత్రి తిను, ముక్కకు పులుపు పట్టి ఇంకా బాగుంటుంది, అన్నం కంటే సంగటిలోకే బాగుంటుంది. రాగిపిండి అయిపోయి ఉంటే ఫోన్ చెయ్, తిరుపతి నుంచి ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపిస్తాను.

మీ అమ్మ