మిల్లీగ్రాముల్లో చెప్పు, బుజ్జీ

లెస్టర్ (ఇంగ్లండ్),
ఆదివారం

బుజ్జీ,

"ఐసీయూలో అన్నేళ్లు చేసి, ఇప్పుడు రోజంతా ఫోన్లో మాత్రల లెక్క చెప్పడమేంటమ్మా?" అన్నావు మొన్న. డ్యూటీకి టైమవుతోందని అప్పుడు జవాబు చెప్పలేదు. ఇవాళ సెలవు, తీరిగ్గా రాస్తున్నా.

మాది రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల క్లినిక్. గుండె లయ తప్పినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డ కట్టినవాళ్లు, గుండెకు మెకానికల్ వాల్వ్ (కృత్రిమ కవాటం) వేయించుకున్నవాళ్లు వస్తారు. వార్ఫరిన్ వాడేవాళ్లకు వేలి కొస మీద సూది గుచ్చి, ఒక్క చుక్క స్ట్రిప్ మీద పెడితే కాసేపట్లో ఐఎన్‌ఆర్ వచ్చేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె అది. చాలామందికి 2కీ 3కీ మధ్య ఉండాలి, వాల్వ్ వాళ్లలో కొందరికి ఇంకాస్త ఎక్కువ. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. మిషన్ అంకె వరకే చెప్తుంది. ఎందుకు మారిందో మనమే అడిగి రాబట్టాలి.

పోయిన వారం ఒక పెద్దాయనకు 5.8 వచ్చింది. ఎప్పుడూ 2.5 దగ్గర కదలని మనిషి! కొత్త మందులేమైనా వాడారా అంటే లేదన్నారు. తిండి సరిగ్గా తింటున్నారా అని అడిగా. పన్ను నొప్పి, నాలుగు రోజులుగా సూపేనట. పన్ను డాక్టరు ఏమిచ్చారంటే, జేబులోంచి మెట్రోనిడజోల్ అట్ట తీశారు. వార్ఫరిన్‌తో పడని మందు అది. పన్నుకు వేసుకున్న మాత్రను ఆయన మందు కింద లెక్కేయలేదు. నేను మొదటి జవాబు దగ్గరే ఆగి ఉంటే?

నా తప్పు కూడా ఒకటి చెప్తాను, నీకు పనికొస్తుంది. ఇక్కడ వార్ఫరిన్ మాత్రలకు రంగులుంటాయి: 1 మిల్లీగ్రాముది గోధుమ రంగు, 3ది నీలం, 5ది గులాబీ. చేరిన కొత్తలో ఒకావిడకు ఫోన్లో "రోజూ మూడు" అని చెప్పి పెట్టేశా, మూడు మిల్లీగ్రాములని నా ఉద్దేశం. ఆవిడ రోజూ మూడు నీలం మాత్రలు వేసుకుంది. అంటే 9 మిల్లీగ్రాములు. నాలుగు రోజులకు వచ్చేసరికి ఐఎన్‌ఆర్ 6.4, మోచేతి కింద అరచేయంత కమిలిన మచ్చ. డాక్టరుతో మాట్లాడి మందు ఆపాం, దేవుడి దయవల్ల తగ్గింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదే. అప్పటినుంచి మిల్లీగ్రాములు చెప్తాను, రంగు చెప్తాను, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకుంటాను.

"ఇది ఎలుకల మందట కదా" అని భయపడేవాళ్లూ ఉంటారు. నిజమే, 1948లో ఎలుకల కోసమే అమ్మారు, 1954 నుంచి మనుషులకిస్తున్నారు. బూజు పట్టిన గడ్డి తిని పశువులు రక్తం కారి చనిపోతుంటే, అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆ కారణం వెతుకుతూ పోయిన పరిశోధనలోంచి పుట్టింది. దాచకుండా అంతా చెప్తే కుదుటపడతారు.

కొత్త మందులకు ఐఎన్‌ఆర్ అక్కర్లేదు, మీ పని తగ్గిపోతుందేమో అన్నావు. తగ్గదే. ఆ కొత్తవాటిలో అపిక్సబాన్ రెండు పూటలా వేసుకోవాలి, మర్చిపోతే రోజు తిరక్కుండానే రక్షణ పోతుంది. రివరాక్సబాన్ భోజనంతో వేసుకోవాలి. కిడ్నీ పరీక్షలు, బరువు చూస్తూ ఉండాలి. మెకానికల్ వాల్వ్ వాళ్లకైతే ఇవి పనికిరావు. మన పిన్నిది ఆ వాల్వే కదా.

పిన్ని సంగతే నాకు టెన్షన్. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకున్నానంది. ఎసిట్రమ్ (వార్ఫరిన్ లాంటి మందే) వాడే మనిషికి ఆ మందే ప్రమాదం, పైగా కండకు గుచ్చితే లోపల రక్తం గూడు కడుతుంది. ఇంకెప్పుడూ వద్దని నువ్వు దగ్గర కూర్చుని చెప్పు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుందని గోంగూర పూర్తిగా మానేసిందట, పాపం. మానక్కర్లేదు, ఆకుకూరలు వారం వారం ఒకే లెక్కన తింటే చాలు. కార్తీకంలో ఉపవాసాలుంటుందిగా, తిండి తగ్గితే ఐఎన్‌ఆర్ పెరగొచ్చు, ముందే డాక్టరుకు చెప్పమను.

చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకుందో అడిగి, ఆ చీటీ ఫోటో పంపు. మాత్ర ఎంతదో, రోజుకెన్నో అట్ట చూసి రాయి, పిన్ని చెప్పింది విని కాదు.

అమ్మ