నా పేరు తీసెయ్యమ్మా

భీమవరం

చిట్టితల్లీ,

"జపాన్ వచ్చి పదేళ్లు నిండాయి నాన్నా, ఇంక ఎయ్‌జూకి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేసెయ్యడమే" అని నువ్వు ఫోన్లో అనగానే అమ్మ సంబరపడిపోయింది. నేనూ అంతే. తర్వాత నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కాగితాలు పెద్దవి చేసి చూస్తూ కూర్చున్నాను. మున్సిపాలిటీలో బిల్ కలెక్టరుగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి కదా, రసీదు కనబడితే కళ్లు ముందు తారీఖు మీదికే పోతాయి.

జూమిన్‌జెయ్ (మీ ఊరి నివాస పన్ను) చీటీ మీద, డబ్బు కట్టించుకున్న షాపువాళ్ల ముద్ర 5.9.4 అని ఉంది. 2004 సెప్టెంబరు అయిదనుకుని ఇదేం పాత కాగితంరా అనుకున్నాను. అక్కడి సంవత్సరాల లెక్కలో రెయ్‌వా 5 అంటే 2023 అని నువ్వు చెప్పాక తెలిసింది. అంటే 2023 సెప్టెంబరు 4. గడువేమో ఆగస్టు 31. నాలుగు రోజులు!

ఉద్యోగం మారిన ఏడాది కదూ అది. జీతంలోంచి ఈ పన్ను కోసి కట్టే కంపెనీ పోయింది, నాలుగు చీటీలు పోస్టులో ఇంటికి వచ్చాయి, రెండోది డ్రాయరులో ఉండిపోయింది. నువ్వు ఎగ్గొట్టే మనిషివి కాదని నాకు తెలుసు. మా దగ్గర ఇంటి పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ వేసి రసీదు చింపి ఇచ్చేవాళ్లం, లెక్క అక్కడితో సరి. ఎయ్‌జూ చూసేవాళ్లకు అలా కాదు. బాకీ లేదని మీ కుయాకుషో (వార్డు ఆఫీసు) సర్టిఫికెట్టు ఇస్తుంది కానీ ఎప్పుడు కట్టావో అందులో ఉండదు. అందుకే నీ అంతట నువ్వు కట్టిన నెలలకు రసీదులు, పాస్‌బుక్ కాపీలు వేరే అడుగుతారు. ఈ పన్నుకు వెనక్కి 5 ఏళ్లు, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్సులకు 2 ఏళ్లు చూస్తారు. అప్లికేషను పెట్టే ముందు రోజు బాకీలన్నీ ఒక్క దెబ్బకు కట్టేసినా గడువు దాటిందనేది పోదు.

నా మాట వింటే ఆ నాలుగు రోజులు దాచకు. ఎందుకు ఆలస్యమైందో ఒక పేజీ రాసి, ఆ తర్వాత బ్యాంకు నుంచి ఆటోమేటిగ్గా పోయేలా పెట్టిన కాగితం జత చెయ్యి. ఇప్పుడే పెట్టాలా, కొన్నాళ్లు ఆగాలా అన్నది అక్కడ ఈ అప్లికేషన్లు చూసే లైసెన్సు మనిషిని అడుగు. ఆఫీసులో స్నేహితుల్ని కాదు.

రెండో సంగతి రాయడానికి కాస్త మొహమాటంగా ఉంది. 2023 నుంచీ నీ పన్ను లెక్కలో నన్నూ అమ్మనూ డిపెండెంట్లుగా చూపించావట, "అందరూ అలాగే చేస్తారు నాన్నా" అన్నావు. ఆ ఏడాది నుంచే కదమ్మా రూలు మారింది! 30 నుంచి 69 ఏళ్ల వయసువాళ్లు వేరే దేశంలో ఉంటే, జపాన్ నుంచి చదువుకోడానికి వెళ్లినవాళ్లో వికలాంగులో అయితే తప్ప, ఒక్కొక్కరికి ఏడాదికి 3,80,000 యెన్లు పంపినట్టు రుజువు ఉండాలి. మన లెక్కలో రెండు లక్షల పైమాటే. నువ్వు పంపిందంతా అమ్మ ఖాతాలోకే వచ్చింది. అమ్మకు పంపింది నా కింద చెల్లదు. అయినా పెన్షను మీద బతుకుతున్నవాణ్ణి, నేను నీ మీద ఆధారపడ్డానని ప్రభుత్వానికి రాసిచ్చావంటే (నవ్వకు) కొంచెం గుచ్చుకుంది.

నా పేరు తీసెయ్. టాక్స్ ఆఫీసులో లెక్క సరిచేయించి, తక్కువ కట్టింది వడ్డీతో కట్టు. వాళ్లు పిలవకముందే మనం వెళ్తే పని తేలిగ్గా తెములుతుంది. కుయాకుషోలో జూమిన్‌జెయ్ కూడా పెరుగుతుంది, ఆ కొత్త బిల్లు మాత్రం గడువు లోపల కట్టు. పైగా డిపెండెంట్లు ఎంత ఎక్కువుంటే, ఈ జీతం ఇంతమందికి ఎలా సరిపోతుంది అనే ప్రశ్న కూడా ఎయ్‌జూ చూసేవాళ్ల నుంచి వస్తుంది.

ఎయ్‌జూ వచ్చాక అడిగేవాడు ఉండడనుకోకు. కావాలని పన్నులు ఎగ్గొట్టేవాళ్లకు దాన్ని రద్దు చేసే వీలు కల్పిస్తూ 2024లో అక్కడి పార్లమెంటు చట్టం మార్చింది.

అమ్మ పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించి 2023 నుంచి ఉన్న పేజీలు ఫోటోలు తీశాను, ఈ రాత్రికి పంపుతాను. ఏడాదివారీగా కూడి నీ దగ్గరున్న రెమిటెన్స్ స్లిప్పులతో సరిచూసుకో. ఒక పేజీ మీద అమ్మ పసుపు చెయ్యి పడింది, అంకెలు కనబడకపోతే చెప్పు, మళ్లీ ప్రింటు వేయిస్తాను.

నాన్న