కిరణ్‌కి, చిన్నోడి పీసీఓడీ సంగతి

ఒరేయ్ కిరణ్,

ఫోన్ చేద్దామనుకున్నా గానీ పక్కన మీ అమ్మగారుంటే నువ్వు ఊఁ, ఆఁ తప్ప ఇంకేం మాట్లాడవు, అందుకే రాస్తున్నా.

పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా, పీసీఓఎస్ అన్నా ఇదే) వల్లే, పుట్టినప్పుడు అమ్మాయి అని రాసిన మన చిన్నోడు మగాణ్ణనుకుంటున్నాడని, మందులు వాడితే "మళ్ళీ మామూలు అమ్మాయి అయిపోతుంది" అని మీ ఇంట్లో అంటున్నారే, అది వదిలేయండి. వందలో దాదాపు 10 మంది ఆడవాళ్ళకు ఈ సమస్య ఉంటుంది, వాళ్ళంతా మగవాళ్ళమని అంటున్నారా? నేనూ వాడిలాగే ట్రాన్స్ అబ్బాయినే కదా, మా ఇంట్లోనూ ఇదే పాట. గడ్డం కింద నాలుగు వెంట్రుకలు మొలిస్తే అమ్మ నన్ను అమీర్‌పేటలో పార్లర్ల చుట్టూ తిప్పింది, నాకేమో అవే పండగ.

స్కానింగ్‌లో "నీటి బుడగలు" కనిపించాయని టెన్షన్ పడకండి. అవి ఎదగని అండాలుండే చిన్న సంచులు, ఆ వయసులో చాలామందికి ఉంటాయి. మొదటి పీరియడ్ వచ్చిన 8 ఏళ్ళ దాకా స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఈ వయసులో పీసీఓఎస్ అని తేల్చాలంటే పీరియడ్స్ గాడి తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువైనట్టు ఒంటి మీదో రక్తంలోనో తెలియడం, రెండూ ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) కూడా చూపించండి. మళ్ళీ స్కాన్ అంటే నీళ్ళు తాగించి పొట్ట మీద నుంచే తీయమను, లోపలి నుంచి తీసేదానికి వాడు అస్సలు తట్టుకోలేడు.

ఇక అసలు సంగతి మందులు. మామూలుగా ముందు రాసేది ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) ఉన్న పిల్స్, దానికి తోడు వెంట్రుకలు తగ్గించే స్పిరోనోలాక్టోన్. అమ్మాయిలకు అవి మంచివే, కానీ మనవాడికి ఆ మీసం ఇష్టమైతే దాన్ని తగ్గించడం వైద్యం ఎలా అవుతుంది? వాడినే అడగమను, వాడికి పదహారేళ్ళు, చెప్పగలడు. అలాగని పీరియడ్ రావట్లేదు, హాయిగా ఉంది అని వదిలేయడానికీ లేదు (వాడు లోలోపల సంతోషిస్తూ ఉంటాడు, నాకు తెలుసు). నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది, ఏళ్ళు గడిస్తే ప్రమాదం. 90 రోజులు దాటితే డాక్టర్‌కి చెప్పాల్సిందే. ఈస్ట్రోజెన్ లేకుండా ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్) మాత్రమే ఉన్న మందులున్నాయి, కొన్ని ఆ పొరనీ కాపాడతాయి, బ్లీడింగునీ తగ్గిస్తాయి లేదా ఆపేస్తాయి. వాటి గురించి నువ్వే అడుగు, వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవచ్చు.

వాడి మెడ వెనక నలుపు మురికి కాదని అమ్మగారికి చెప్పు, పాపం సున్నిపిండితో రుద్ది రుద్ది చంపుతున్నారు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనే గుర్తు కావచ్చు. షుగర్, కొలెస్ట్రాల్, బీపీ చూపించండి, అవసరమైతే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఇస్తారు, దానికీ ఆడా మగా అన్నదానికీ సంబంధం లేదు. లావయ్యావని మాత్రం ఎవరూ దెప్పొద్దు.

ఇంకోటి, జిమ్ కుర్రాళ్ళ దగ్గర టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఇంజక్షన్లు దొరుకుతాయని వాడి చెవిన పడే ఉంటుంది. వద్దని గట్టిగా చెప్పు, ఆ మాట తర్వాత ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గర తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

రిసెప్షన్‌లో పాత పేరు గట్టిగా అరవకుండా ముందే చెప్పి ఉంచు, నాకు ఒక చోట అలా అరిస్తే లేచి వచ్చేశాను. గ్లూకోజ్ తాగించే టెస్టుకి పరగడుపున వెళ్ళాలి, ఆ తర్వాత రెండు గంటలు కూర్చోవాలి. శనివారం అయితే నేనూ వస్తా, మెట్రో దిగి ఫోన్ చెయ్.

నీ,
శ్రీను