లైకెన్ రంగు లోహానికి సాక్ష్యం కాదు

సంపాదకుల గారికి,

నమస్కారం. ఖనిజాల జాడ వెతుకుతూ కొండలెక్కే ఔత్సాహికుల్లో ఒక నమ్మకం బలంగా ఉంది. రాతి మీద పసుపు, నారింజ, ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే లోపల ఆ రంగుకు తగ్గ లోహం ఉంటుందని అనుకుంటారు. ఆ మచ్చల్లో చాలావరకు లైకెన్లే. వాటి రంగుకూ రాతిలోని లోహానికీ చాలాచోట్ల ఏ సంబంధమూ ఉండదు. అలాగని లైకెన్లను పట్టించుకోనక్కర్లేదని చెప్పడం లేదు. అవి రాయి ఏ రకానిదో చెబుతాయి, ఆ రాయి ఎక్కడ మారిందో చెబుతాయి. లోహం గురించి మాత్రం చాలా అరుదుగా చెబుతాయి, అదీ లోహం రాతి పైపొరలో ఉన్నప్పుడే. ఈ తేడా తెలియక బస్తాలకొద్దీ పనికిరాని రాళ్లు మోసుకొచ్చి పరీక్షలకు డబ్బు తగలేసేవారి కోసం ఈ ఉత్తరం.

లైకెన్ అంటే ఒక శిలీంధ్రం, దానితో కలిసి బతికే శైవలం లేదా నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా. దానికి వేర్లుండవు. నీరు, పోషకాలు ఎక్కువగా వాన నుంచి, గాలిలోని ధూళి నుంచి తీసుకుంటుంది. రాతిలోకి దిగేది శిలీంధ్రపు సన్నని పోగులే. అవి దిగేది మిల్లీమీటర్ల లోతుకే. ఆగ్జాలిక్ ఆమ్లం లాంటివి విడుదల చేసి రాతి పైపొరను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. కాబట్టి పది మీటర్ల కింద ఉన్న ఖనిజ సిర, అంటే రాతి పగుళ్లలో పట్టీలా నిండిన ఖనిజం, లైకెన్‌కు తెలిసే వీలే లేదు. ఆ పని చేయగలిగేవి వేర్లున్న మొక్కలు. మధ్య ఆఫ్రికాలోని రాగి ప్రాంతంలో, అంటే జాంబియాలో, కాంగోలోని కటాంగాలో, తులసి జాతికే చెందిన ఒక చిన్న మొక్క రాగి ఎక్కువగా ఉన్న నేలల్లో పెరుగుతుంది. దాన్ని రాగిపువ్వు మొక్క అంటారు. 1950లలో అన్వేషకులు దాన్ని గుర్తుగా పెట్టుకుని రాగి కోసం వెతికారు. మొక్క విషయంలో చెల్లిన తర్కాన్ని లైకెన్‌కు అంటగట్టడంలోనే మొదటి పొరపాటు జరుగుతోంది.

లైకెన్లు బాగా ఉపయోగపడేది రాతి రకాన్ని పట్టుకోవడానికి. పసుపు కలిసిన ఆకుపచ్చ పలకలు, వాటి మధ్య నల్లని గీతలతో దేశపటంలా కనిపించే రైజోకార్పన్ జియోగ్రాఫికమ్ సిలికా ఎక్కువగా ఉన్న గ్రానైట్, క్వార్ట్‌జైట్ లాంటి రాళ్ల మీద పెరుగుతుంది. సున్నపురాయి దానికి పడదు. సున్నపురాయి మీద ఉండే లైకెన్లు వేరు. వాటిలో కొన్ని రాతిలోనే మునిగి బతుకుతాయి, వాటి బీజాలు తయారయ్యే పండ్లు రాలిపోయిన చోట గుండుసూది మొనంత గుంటలు మిగులుతాయి. వాలుకు అడ్డంగా నడుస్తూ, ఒక రకం ఎక్కడ ఆగి మరో రకం ఎక్కడ మొదలైందో కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ పోతే రెండు రాళ్ల సరిహద్దు దొరుకుతుంది. మట్టి, పొదలు కప్పేసిన చోట కూడా అక్కడక్కడా తేలిన బండలను బట్టి ఆ గీతను కలుపుకుంటూ పోవచ్చు. గ్రానైట్ కరిగిన స్థితిలో సున్నపురాయిలోకి చొచ్చుకొచ్చిన సరిహద్దుల్లో ఇనుము, రాగి, టంగ్‌స్టన్ ఖనిజాలు ఏర్పడే అవకాశం ఎక్కువ. కాబట్టి అన్వేషకుడికి లైకెన్ ఇచ్చే అత్యంత విలువైన సమాచారం ఆ సరిహద్దే. రంగుల మీద ఉన్న మోజులో దీన్నే అందరూ వదిలేస్తున్నారు.

ఇక్కడా జాగ్రత్త అవసరమే. నారింజ రంగు లైకెన్లు సున్నం ఉన్న రాళ్లను ఇష్టపడతాయన్నది నిజం. కానీ పక్షులు వాలి రెట్టలు వేసే గ్రానైట్ శిఖరాల మీద కూడా అవి దట్టంగా పడతాయి. రెట్టలోని నత్రజని, భాస్వరం వాటికి ఎరువు. మట్టిరోడ్డు ధూళి పడే చోట, సిమెంటు గోడ మీది నీరు కారే చోట కూడా ఇంతే. అందుకని బండ కొనను చూసి నిర్ణయానికి రాకూడదు. పక్షి వాలని నిటారు పక్కలను చూడాలి. ఒక్క బండ కాకుండా ఓ పది బండలు చూడాలి.

నిజంగా లోహాన్ని సూచించే లైకెన్లు కొన్ని ఉన్నాయి. అకరోస్పోరా సైనోపికా తుప్పు రంగులో ఉంటుంది. ఇనుప సల్ఫైడ్లు, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజాలు ఎక్కువగా ఉన్న రాళ్ల మీద, పాత గని గుట్టల మీద, లోహపు చిట్టెం మీద పెరుగుతుంది. ఆ రంగు దాని పైపొరలో చేరిన ఇనుముది. రాగి ఉన్న రాళ్ల మీద మామూలుగా బూడిద రంగులో ఉండాల్సిన కొన్ని లైకెన్లు ఆకుపచ్చగా మారతాయి. వాటి లోపల రాగి ఆగ్జలేట్‌గానో, లైకెన్ ఆమ్లాలతో కలిసిన రూపంలోనో రాగి నిల్వ ఉంటుంది. ఆ రాగి ఆగ్జలేట్‌నే మూలూయైట్ అంటారు. ఖనిజంగా దాన్ని 1986లో పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి వర్ణించారు. సైలోలేకియా లెప్రోసా అనే మరో లైకెన్ కూడా రాగి ఉన్న చోట కనిపిస్తుంది. అయితే బ్రిటన్‌లో దాన్ని పాత చర్చి గోడల మీద, పిడుగు తగలకుండా పెట్టిన రాగి పట్టీల కింద కూడా చూడవచ్చు. అక్కడ రాగి గోడ రాతిది కాదు, పట్టీ మీదుగా కారిన వాననీటిది. అంటే ఇంత నమ్మకమైన లైకెన్ కనిపించినా, ఆ లోహం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మచ్చ కనిపించింది. అది లైకెనా, ఖనిజపు మరకా? ముందు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడాలి. లైకెన్‌కు అంచు ఉంటుంది, పైభాగం చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది, చాలావాటి మీద పళ్లెం ఆకారంలో గింజంత బిళ్లలుంటాయి. తర్వాత నీళ్లు చల్లి కాసేపు ఆగాలి. తడిస్తే లైకెన్ పైపొర పారదర్శకమై లోపలి శైవలపు పచ్చదనం బయటపడుతుంది, అందుకే చాలా లైకెన్లు ఒక్కసారిగా ఆకుపచ్చ తిరుగుతాయి. ఖనిజపు మరక తడిస్తే ముదురుగా కనిపిస్తుందే తప్ప రంగు మారదు. కత్తి మొనతో గీకితే లైకెన్ కింద పలుచని ఆకుపచ్చ పొర, దాని కింద తెల్లని పోగులు కనిపిస్తాయి. పచ్చని రాగి ఖనిజమైన మాలకైట్‌ను గీకితే పచ్చని పొడి రాలుతుంది. కాల్చి చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు. లైకెన్ మాడి నల్లబడుతుంది, మాలకైట్ కూడా వేడికి రాగి ఆక్సైడ్‌గా మారి నల్లబడుతుంది. తేడా తెలియదు.

నారింజ మచ్చ తుప్పా, లైకెనా అని సందేహం వస్తే ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ చాలు. 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్‌ను నీళ్లలో కలిపి 100 మిల్లీలీటర్లు చేసుకోవాలి. పొడిని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ సీసాలో ఉంచాలి, చేతికి తగలనివ్వకూడదు. మామూలు నారింజ లైకెన్ మీద ఈ చుక్క పడగానే ఊదారంగు వస్తుంది. తుప్పు మీద ఏ మార్పూ ఉండదు. ఇనుముతో తుప్పు రంగెక్కిన లైకెన్ మీద కూడా ఊదా రాదు. కొన్ని లైకెన్లు ఇదే చుక్కకు ముందు పసుపుగా, ఆపైన ఎర్రగా మారతాయి. అది లైకెన్ ఆమ్లం తాలూకు రంగు, రాతిలోని ఇనుముది కాదు.

పచ్చని మరక రాగిదో కాదో తేల్చడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక ఇనుప మేకు కావాలి. గాఢ ఆమ్లం ఒక వంతును మూడు వంతుల నీళ్లలో పోస్తే దాదాపు 10 శాతం ద్రావణం తయారవుతుంది. ఎప్పుడూ ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి. మరకను గీకిన పొడిని గాజు గిన్నెలో వేసి ఈ ద్రావణం పోస్తే, మాలకైట్ అయితే సన్నగా బుడగలొచ్చి ద్రావణం పచ్చగా మారుతుంది. గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన మేకును అందులో ముంచి కాసేపు ఉంచితే రాగి ఎర్రగా పూత పడుతుంది. క్లోరైట్, ఎపిడోట్, సర్పెంటైన్ లాంటి పచ్చని ఖనిజాలు ఈ పూత ఇవ్వవు. నికెల్ పచ్చదనమూ ఇవ్వదు. ఇందులో తరచూ జరిగే తప్పు ఒకటుంది. మరక కింద సున్నపురాయి ఉంటే బుడగలు దానివి కావచ్చు. అందుకని బుడగలను లెక్కలోకి తీసుకోకుండా మేకు మీది పూతనే చూడాలి. పూత వచ్చినా సంబరపడనక్కర్లేదు. అతి కొద్ది రాగి కూడా పెద్ద రాతి ముఖాన్ని పచ్చగా మరకలు చేయగలదు.

నల్లని మరకల్లో మోసం మరీ ఎక్కువ. వాననీరు కారే చోట నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా, నల్ల లైకెన్లు నిలువు చారలుగా పడతాయి. ఎండ ప్రాంతాల్లో మాంగనీస్, ఇనుము కలిసిన పలుచని నల్ల నిగారింపు బండలకు పడుతుంది. అది మిల్లీమీటరు మందం కూడా ఉండదు, పగలగొడితే లోపల మామూలు రాయే. మాంగనీస్ ఖనిజమైతే బరువుగా ఉంటుంది, లోపలి దాకా నలుపే, చాలా రకాలు వేళ్లకు మసి అంటిస్తాయి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే మాంగనీస్ ఆక్సైడ్ నురగలు కక్కుతుందని చాలామందికి తెలుసు. కానీ ప్రాణమున్న కణజాలం మీద పోసినా నురగ వస్తుంది. అందుకే ఈ పరీక్ష పైముఖం మీద కాదు, పగలగొట్టిన లోపలి ముక్క పొడి మీద చేయాలి.

రాత్రిపూట అతినీలలోహిత దీపంతో వెతికేవారికీ ఇదే చిక్కు. కొన్ని లైకెన్లు 365 నానోమీటర్ల దీపం కింద పసుపుగానో, నారింజగానో మెరుస్తాయి. వాటిని చూసి యురేనియం ఖనిజమని హడావుడి పడేవారున్నారు. టంగ్‌స్టన్ ఖనిజమైన షీలైట్ 254 నానోమీటర్ల దీపం కింద నీలం కలిసిన తెలుపుగా వెలుగుతుంది, 365 కింద దాదాపు వెలగదు. రెండు దీపాలతోనూ చూసి, తర్వాత రాయి పగలగొట్టి లోపల కూడా వెలుగుతోందా చూడాలి. 254 దీపం కళ్లకు హాని చేస్తుంది, తగిన కళ్లద్దాలు లేకుండా వాడకూడదు.

చుట్టూ లైకెన్ దట్టంగా ఉండి ఒకచోట మాత్రం రాయి బోడిగా ఉందంటే తప్పక చూడాలి. ఇనుప సల్ఫైడ్లు గాలికీ నీటికీ కుళ్లి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టిస్తాయి. రాతి ముఖం పొడిపొడిగా రాలిపోతుంటుంది, లైకెన్‌కు నిలదొక్కుకునే సమయం దొరకదు. కానీ బోడితనానికి వేరే కారణాలే ఎక్కువ. ఈమధ్యే పెచ్చు ఊడి ఉండవచ్చు, వరదనీరు ఆ మట్టానికి తగిలి ఉండవచ్చు, నీడ పడవచ్చు, మంచు ఎక్కువ కాలం నిలవవచ్చు. లోహాలు కరిగించే కొలిమి దగ్గర్లో ఉంటే గంధకపు పొగకే లైకెన్లు చస్తాయి. కెనడాలోని సడ్‌బరీ చుట్టూ అదే జరిగింది. బోడి చోట తుప్పు మరక, ఇనుప సల్ఫైడ్లు కుళ్లితే ఏర్పడే పసుపు జారోసైట్ పొడి, పగుళ్లలో గంధకపు వాసన లాంటివి తోడైతేనే అనుమానానికి బలం.

దొర్లిపడిన బండల దగ్గర లైకెన్ చేసే మేలు ఇంకొకటుంది. ఖనిజం ఉన్న ముక్క వాలులో దొరికితే అది ఎక్కడి నుంచి వచ్చిందో పైకి వెతకాలి. నేలకు ఆనుకున్న పక్కన లైకెన్ ఉందంటే ఆ బండ ఈమధ్యే బోర్లాపడింది, దాని మూలం దగ్గర్లోనే, పైన తాజాగా ఊడిన గాయంగా కనిపించవచ్చు. అన్ని పైముఖాల మీదా పెద్ద పెద్ద లైకెన్ వలయాలుంటే అది ఎన్నో దశాబ్దాలుగా అక్కడే ఉన్నట్టు. అలాంటి దానికి ఎగువన గాయం కోసం వెతికి లాభం లేదు, అలాంటి ముక్కలు వాలులో ఎంత ఎత్తు దాకా దొరుకుతున్నాయో చూసుకుంటూ పోవాలి. ముక్కలు ఆగిపోయిన చోటికి కాస్త ఎగువన తవ్వాలి.

చివరికి సుత్తి తప్పదు. కళ్లద్దాలు పెట్టుకుని, లోపలి తాజా ముఖం బయటపడేదాకా కొట్టాలి. ఆర్సెనిక్ ఖనిజమైతే దెబ్బకు వెల్లుల్లి వాసన వస్తుంది, ఆ ధూళి పీల్చకూడదు. తేనెపట్టులా గదులుగదులుగా తుప్పు పట్టిన రాయి ఒక గీత వెంట, పలుగురాతితో కలిసి ఉంటే అది సల్ఫైడ్ సిర తల కావచ్చు. భూవిజ్ఞానులు దాన్ని గాసన్ అంటారు. గదులు చతురస్రాలుగా ఉంటే అక్కడ ఒకప్పుడు పైరైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఉండి ఉండవచ్చు. అదే తుప్పు రాయి విశాలంగా నేలంతా పరుచుకుని ఉంటే అది లాటరైట్, అంటే వానకు ఇతర పదార్థాలు కొట్టుకుపోయి ఇనుము మిగిలిన ఎర్రరాయి, అయ్యే అవకాశమే ఎక్కువ. గాసన్‌లో జింకు, రాగి తక్కువ వచ్చాయని వదిలేయకూడదు. అవి వాననీటికి కొట్టుకుపోతాయి. సీసం, ఆర్సెనిక్, బంగారం మిగులుతాయి, పరీక్షలో వాటినీ అడగాలి.

నమూనా తీసేటప్పుడు మెరిసే ముక్కలు ఏరుకోవడం అలవాటుగా మారింది. దాని ఫలితం సిర మొత్తానికి వర్తించదు. సిరకు అడ్డంగా, ఒక అంచు నుంచి మరో అంచు దాకా సమానంగా పెచ్చులు కొట్టి, మీటరు వెడల్పుకు ఒకటి రెండు కిలోల చొప్పున వేరువేరు సంచుల్లో వేయాలి. లైకెన్ పట్టిన ముఖాన్ని ముందే చెక్కి పారేయాలి. లైకెన్ గాలిలోని ధూళి నుంచి కూడా సీసం, జింకు, రాగి పోగుచేసుకుంటుంది, దాన్ని రాతితో కలిపి పొడి చేస్తే ఆ లెక్క రాతి ఖాతాలో పడుతుంది. సుత్తి మీది రంగు, జింకు పూత బకెట్లు, చేతి ఉంగరాలు కూడా ఫలితాన్ని చెడగొడతాయి. అవసరానికి మించి బండను గీకవద్దని కూడా మనవి. రైజోకార్పన్ లాంటివి ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. స్థలం ఎవరిదో వారి అనుమతి, ప్రభుత్వ నిబంధనలు ముందే చూసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. సంచి మీద నమూనా సంఖ్య, చోటు, సిర వెడల్పు, ముఖం ఏ దిక్కు చూస్తోంది, లైకెన్ ఉందా లేదా, ఉంటే ఏ రంగు అనేవి అక్కడికక్కడే రాసుకోవాలి. అదే ముఖానికి తడి ఫొటో, పొడి ఫొటో రెండూ తీస్తే, ఫలితం వచ్చాక ఆ రంగు లైకెన్‌దో రాతిదో మళ్లీ కొండ ఎక్కకుండానే తేల్చుకోవచ్చు.

ఇట్లు,
ఖనిజాన్వేషణ పనిలో ఉన్న కొందరు పాఠకులు