ఇంటి ప్లాన్‌లో వేడి లెక్క ఏది?

సంపాదకుడు గారికి,

పద్దెనిమిదేళ్లుగా బెజవాడలో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. అప్రూవల్‌కి వెళ్లినప్పుడల్లా ఇంటి చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్) ఎంత వదిలారు, పార్కింగ్ ఎక్కడ, ఇంకుడు గుంత చూపించారా అని అడిగారు గానీ, రోహిణి కార్తెలో ఈ ఇంటి పై అంతస్తులో మనుషులు పడుకోగలరా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

పోయిన మే నెలలో నా పాత క్లయింటు, రిటైరైన మాస్టారు, రమ్మంటే వెళ్లాను. రాత్రి పది దాటింది. బెడ్‌రూం పడమటి గోడ మీద నా చెయ్యి పెట్టించారు. పొయ్యి మీంచి దించిన పెనంలా ఇంకా సెగ కొడుతోంది. ఏసీ ఆగకుండా తిరుగుతున్నా గది చల్లబడలేదు, వాళ్లావిడ కిటికీకి తడి చీర కట్టి నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. ‘ఇల్లు కట్టుకున్నామా, కొలిమి కట్టుకున్నామా బాబూ’ అన్నారావిడ. పడమటి గోడకి నీడ లేకుండా, పైన ఉత్త స్లాబ్ వదిలేసి ఆ ఇల్లు గీసింది నేనే.

మాకు కాలేజీలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ గురించి చెప్పారు. 1945లో ఇంగ్లండ్ నుంచి వచ్చి, కుష్ఠు రోగుల ఆసుపత్రుల పనితో మొదలుపెట్టి, 2007లో పోయేదాకా ఈ దేశంలోనే ఇళ్లు కట్టిన మనిషి. తిరువనంతపురంలో ఆయన ఇటుకల్ని నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించేవారు. ఆ పద్ధతిలో ఇటుకలు దాదాపు పాతిక శాతం తగ్గుతాయి, లోపలున్న గాలి వేడిని ఆపుతుంది. గాలి ఆడేలా కంతలు వదిలి కట్టే ఆయన జాలీ గోడలు మన వడగాలికి పనికిరావని నా అభిప్రాయం, కానీ ఈ బోలు గోడ మాత్రం బెజవాడకి సరిగ్గా సరిపోతుంది. మేస్త్రికి ఒక్క రోజు పక్కన నిలబడి చూపిస్తే చాలు, నేర్చుకుంటాడు.

రూల్ లేదనుకుంటే అదీ కాదు. 2018లోనే కేంద్రం ఇళ్లలో కరెంటు ఆదా కోసం ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే పైకప్పు చదరపు మీటరుకి 1.2 వాట్లకు మించి వేడిని లోపలికి వదలకూడదని అందులో ఉంది. ఉత్త స్లాబ్ ఈ లెక్కలో నిలవదు. కానీ అది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాలకే. పైకప్పుల వేడి తగ్గించడానికి తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా ఇళ్ల విషయంలో 600 గజాల నుంచే తప్పనిసరి అంది. మరి నూట యాభై గజాల్లో అప్పు చేసి జీ ప్లస్ వన్ కట్టుకునేవాళ్ల సంగతేంటి? డాబా మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం 78 వేల దాకా సబ్సిడీ ఇస్తోంది, మంచిదే, కానీ అదే డాబా కింద స్లాబ్ రాత్రంతా సెగలు కక్కుతుంటే ఆ కరెంటంతా ఏసీకే పోతుంది, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు.

నేను అడిగేది చిన్నది. ఎంత చిన్న ప్లాన్‌కైనా రెండు ప్రశ్నలు చేర్చండి: స్లాబ్ మీద ఏం వేస్తున్నారు, పడమటి గోడకి నీడ ఏది.

మాస్టారి ఇంటికి ఈ మార్చిలో డాబా మీద తెల్ల కూలింగ్ టైల్స్ వేయించి, పడమటి గోడకి అడుగు దూరంలో వెదురు తడికలు కట్టించాం. ఇప్పుడు రాత్రి రెండు గంటలు ఏసీ వేసి ఆపేస్తున్నారట. కట్టేటప్పుడే చేసుంటే ఇందులో సగం ఖర్చు కూడా అయ్యేది కాదు.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్ట్, విజయవాడ